ఓడెక్కే ముందు, ఓడెక్కాక: సిక్కోలు, విజయనగరం ప్రయాణికులకు

మన రెండు జిల్లాలకి ఓడ కొత్త కాదు. రంగూన్ వెళ్లొచ్చిన తాతల సంగతి అలా ఉంచినా, విశాఖ నుంచి అండమాన్ ఓడెక్కినవాళ్లు, కనీసం బంధువుల్ని ఎక్కించడానికి పోర్టు గేటు దాకా వెళ్లినవాళ్లు తీరం ఊళ్లలో చాలామందే ఉన్నారు. దాదాపు 56 గంటల ఆ ప్రయాణం అలవాటైనవాళ్లు క్రూయిజ్ అనగానే అదే లెక్క వేసుకుంటారు: దుప్పటి, అటుకులు, మామిడి తాండ్ర, ఓ చెంబు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. అండమాన్ ఓడ ఎక్కేది అక్కడికి చేరడానికి, క్రూయిజ్ ఎక్కేది ఓడలో ఉండడానికే. ఏ గదిలో పడుకున్నారు, ఎన్నింటికి ఏ బల్ల దగ్గర కూర్చున్నారు, కడుపు నిలకడగా ఉందా లేదా, ప్రయాణం బాగుందో లేదో ఇవే తేలుస్తాయి. ఇవన్నీ చాలావరకు టికెట్ కొన్న రోజున, ఎక్కిన మొదటి సాయంత్రాన ఖాయమైపోతాయి. అందుకే ఆ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువ చెబుతున్నాం. షోలు, క్యాసినో, ఈత కొలను లాంటివి ఎక్కాక ఎలాగూ తెలుస్తాయి.

ఎప్పుడు, ఎక్కడి నుంచి

2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ట్రిప్పులు వేసింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయినా ఏడాది పొడవునా ఇక్కడి నుంచి ఓడ దొరుకుతుందనుకోకండి. వచ్చినప్పుడు కొన్నాళ్లు వరసగా తిరిగి వెళ్లిపోతుంది. మిగతా కాలంలో ముంబయి, కొచ్చి, చెన్నై చూసుకోవాలి, లేదా విమానంలో సింగపూర్ వెళ్లి అక్కడ ఎక్కాలి.

బంగాళాఖాతం జనవరి నుంచి మార్చి దాకా అణిగి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలికి కెరటం పెద్దదవుతుంది, విశాఖ ట్రిప్పులేమో ఎక్కువగా ఆ రోజుల్లోనే పడ్డాయి. ఏప్రిల్, మే నెలలూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే క్రూయిజ్ ఓడ తుపానుకి ఎదురెళ్లదు, తప్పుకుని దారి మార్చుకుంటుంది. కాబట్టి మీకొచ్చే చిక్కు ప్రాణభయం కాదు, ఆశపడ్డ రేవు తప్పిపోవడం. దారి మార్చే హక్కు కెప్టెన్‌కి ఉంటుందని టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది. రేవు తప్పితే సాధారణంగా ఆ రేవు రుసుము వరకే తిరిగొస్తుంది, టికెట్ డబ్బు రాదు. ‘కళింగపట్నం, భీమిలి పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక’ అని బయల్దేరే ముందు వార్తల్లో వింటే గాభరాపడి రద్దు చేసుకోకండి. కంపెనీకి ఫోన్ చేసి ఓడ సమయం మారిందేమో కనుక్కుని, వాంతి మాత్రలు చేతి సంచిలోకి మార్చుకుంటే చాలు.

టికెట్ మీద పేరు దగ్గర మనవాళ్లకి తరచూ తకరారు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, టికెట్‌లో అసలు లేకుండా ఉంటే కౌంటర్ దగ్గర నిలబెట్టేస్తారు. మీరు ఏ గుర్తింపు కార్డు చూపించబోతున్నారో అందులో ఉన్న అక్షరాలే టికెట్‌లోనూ ఉండాలి. మన దేశం రేవుల మధ్యే తిరిగే ఓడకి ఆధార్ లాంటి అసలు కార్డు సరిపోతుంది, ఫోన్‌లో ఫొటో మీద ఆధారపడకండి. విదేశీ రేవు ఒక్కటి తగిలినా పాస్‌పోర్టు కావాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగితే ఆ దేశంలోకి రెండుసార్లు అడుగుపెట్టినట్టు: విమానం దిగినప్పుడు ఒకసారి, ఓడ దిగినప్పుడు ఇంకోసారి. ఒక్క ప్రవేశానికే వీసా తీసుకుంటే రెండోసారి దగ్గర ఇరుక్కుంటారు.

శ్రీకాకుళం నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైచిలుకు, విజయనగరం నుంచి 60 దాకా. ఓడ సాయంత్రం కదిలినా చెక్‌ఇన్ చాలా ముందే మూసేస్తారు. ఆనందపురం దాకా రోడ్డు సాఫీగానే ఉంటుంది. మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర పోయే సమయాన్ని మాత్రం ఎవరూ ముందు లెక్కవేయలేరు. ఈ రెండు పట్నాల వాళ్లు పొద్దున్నే బయల్దేరితే చాలు. ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం వైపు వాళ్లు ముందు రోజు రాత్రికే విశాఖలో ఉండడం మంచిది. వేరే ఊళ్లో ఓడెక్కేవాళ్లు కచ్చితంగా ఒక రోజు ముందే ఆ ఊరు చేరాలి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

గది ఎంచుకోవడం

ఎక్కువమంది బాల్కనీకి డబ్బు పోస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి మా మాట: బాల్కనీ కన్నా గది ఎక్కడుందన్నది ముఖ్యం. ఓడ రెండు రకాలుగా కదులుతుంది. ముందూ వెనకా ఎగిరిపడడం ఒకటి, పక్కలకి ఊగడం ఇంకొకటి. ముందు చివర, వెనక చివర ఉన్న గదులకి మొదటిది ఎక్కువ తగులుతుంది, పై అంతస్తులకి రెండోది. ఓడ పక్కల నీళ్లలోకి చాచే రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పక్క ఊగుడుని తగ్గిస్తాయి గానీ ముందు వెనకల ఎగురుడుని ఏమీ చేయలేవు. కాబట్టి ఓడ నడిమధ్య, కింది డెక్కుల్లో, అంటే కింది అంతస్తుల్లో, గది తీసుకుంటే రెండూ తక్కువే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే బస్సులో కిటికీలోంచి తల బయటపెట్టే మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ మాట అస్సలు తీసేయకండి.

తర్వాత ఏ అంతస్తులో ఏముందో చూపించే పటం, అంటే డెక్ ప్లాన్, తెరిచి మీ గది నంబరు మీద వేలు పెట్టి, సరిగ్గా దాని పై అంతస్తులో ఏముందో చూడండి. పైన బఫే ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. కింద థియేటరో డాన్స్ హాలో ఉంటే అర్ధరాత్రి దాకా మంచం అదురుతుంది. పైనా కిందా గదులే ఉన్న డెక్ అన్నిటికన్నా నయం. కిటికీ గది చవగ్గా కనిపిస్తే ఎదురుగా లైఫ్‌బోటు అడ్డం ఉందేమో చూడండి, ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. పక్క గదికి తలుపు ఉన్న జంట గదులు అన్నదమ్ముల కుటుంబాలకి బాగుంటాయి. తెలియనివాళ్లు పక్కన పడితే వాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. ‘గ్యారంటీ’ రకం టికెట్‌లో గది కంపెనీయే ఇస్తుంది. ధర తక్కువే గానీ వాంతి భయం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

కిటికీ లేని లోపలి గదిలో లైటు ఆర్పితే చిమ్మచీకటి. నిద్రకి అది దివ్యంగా ఉంటుంది, తెల్లారిందో లేదో మాత్రం తెలియదు. రాత్రి లేచే పెద్దవాళ్ల కోసం చిన్న టార్చి దిండు పక్కన ఉంచండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

పెద్ద పెట్టెల్ని టెర్మినల్ దగ్గరే తీసేసుకుంటారు. స్కానింగ్ అయి, గది ముందుకి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. మందులు, కార్డులు, ఛార్జరు, పసిపిల్లల సామాను, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో పెట్టి పంపేస్తే మొదటి రాత్రి భోజనం వేళకి అది ఏ డెక్ మీద ఉందో ఎవరికీ తెలియదు.

నిప్పు పుట్టించేవి, వేడెక్కేవి ఓడ ఒప్పుకోదు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, కొవ్వొత్తులు, కర్పూరం, అగరొత్తులు తీసి పక్కన పెట్టేస్తారు. గదిలో దీపం వెలిగించడం కుదరదు, సెన్సర్ మోగితే సిబ్బంది పరుగున వస్తారు. పొడవాటి చాకులు పట్టుకెళ్లొద్దు. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా, డబ్బాలో పులిహోర సాధారణంగా లోపలికి పోనివ్వరు. ఫ్యాక్టరీ సీలున్న పచ్చడి ప్యాకెట్లు, కందిపొడి, బిస్కెట్లు, పలాస జీడిపప్పు పాకెట్లకి మామూలుగా అడ్డు ఉండదు. విదేశీ రేవులో దిగేటప్పుడు మాత్రం తినేవి ఏవీ ఒడ్డుకి పట్టుకెళ్లకండి. సింగపూర్‌లోకి ఖైనీ, గుట్కా అసలే నిషేధం, ఒక్క పొట్లం కూడా సంచి మూలన మిగలకుండా చూసుకోండి. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటున్న అమ్మమ్మ వెంట వస్తుంటే ముందే చెప్పి ఒప్పించాలి: చుట్ట కాల్చేది పొగతాగే చోటే, అదీ అడ్డం తిప్పకుండా అయితే చూసేవాళ్లు హడలిపోరు. బాల్కనీలోంచి విసిరిన నిప్పు సముద్రంలో పడదు, గాలికి తిరిగొచ్చి కింది బాల్కనీలో కుర్చీ మీద పడుతుంది.

పాత పద్ధతి ఓడల్లో ఒకటి రెండు రాత్రులు ‘ఫార్మల్’ అని ఉంటాయి. దాని కోసం సూటు కొనక్కర్లేదు, సంప్రదాయ దుస్తులు వేసుకుంటే మర్యాదే. పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ, ఉత్తరీయం వేసుకున్నవాళ్లకి ఆ హాల్లో వంక పెట్టేవాళ్లు ఉండరు. పొందూరు చీరకి మాత్రం ఇస్త్రీ కావాలి. గదిలో కుదరదు గనక ఓడ లాండ్రీకి ఇవ్వాలి, లేదా సొంతంగా ఉతుక్కునే గది ఉన్న ఓడలో అక్కడి ఇస్త్రీ బల్ల వాడుకోవాలి. ఫార్మల్ రోజు సాయంత్రం అక్కడ క్యూ ఉంటుంది, పొద్దున్నే పూర్తి చేసుకోండి. పై డెక్ మీద గాలికి పైట నిలవదు, నాలుగు పిన్నులు అదనంగా ఉంచండి. హీల్స్ ఊగే మెట్ల మీద ప్రమాదం.

గది గోడలు ఎక్కువ ఓడల్లో ఉక్కువి. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలు, సంచులు, తడి తువ్వాళ్లు తగిలించుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ప్లగ్గులు సాధారణంగా రెండు రకాలు: సన్నని గుండ్రటి రెండు పిన్నుల 220 వోల్టులవి, చదునైన రెండు పిన్నుల 110 వోల్టులవి. మన ఫోన్ ఛార్జరు సన్న పిన్నుది మొదటి దాంట్లో పట్టేస్తుంది, మూడు పిన్నులది పట్టదు, చిన్న అడాప్టర్ కావాలి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుని మంట ప్రమాదం అని తీసేసుకుంటారు.

మొదటి సాయంత్రం

ఎక్కగానే అందరూ బఫే మీద పడతారు. మీరు ముందు వెళ్లాల్సింది భోజనశాల పర్యవేక్షకుడి దగ్గరికి. పాత పద్ధతి ఓడల్లో రాత్రి భోజనం రెండు బంతులుగా ఉంటుంది, మొదటిది సుమారు ఆరింటికి, రెండోది ఎనిమిది దాటాక. బల్ల, వేళ మారాలంటే మొదటి రోజే అడగాలి. మూడో రోజుకి ఎక్కడివాళ్లు అక్కడ కుదురుకుని ఉంటారు, ఇక కదిలించరు. శాకాహారం, ఉల్లి వెల్లుల్లి లేనిది, వేరుశనగ పడనిది లాంటివి టికెట్ అప్పుడే రాయించి, ఇక్కడ మళ్లీ నోటితో చెప్పండి. రాసిన కాగితం వంటింటి దాకా చేరిందని నమ్మొద్దు.

ఆ తర్వాత మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పే అభ్యాసం. ఓడ కదలకముందో, కదలగానేనో ఇది ప్రతి ప్రయాణికుడూ చేసి తీరాలి. ఏడు పొట్టి కూతలు, వెనకే ఒక పొడుగు కూత వినిపిస్తే ప్రమాద సంకేతం. మీ కార్డు మీద, గది తలుపు వెనక ఒక అక్షరం గానీ అంకె గానీ ఉంటుంది, అది మీరు చేరాల్సిన చోటు. లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా ఒకసారి నడిచి వెళ్లి రండి. వెళ్తూ మలుపులు లెక్కపెట్టుకోండి, పొగలోనో చీకట్లోనో గోడ తడుముకుంటూ వెళ్లాల్సి వస్తే ఆ లెక్కే ఆధారం. పిల్లల లైఫ్‌జాకెట్ పిల్లల కొలతలో ఉందో లేదో అప్పుడే చూసి, లేకపోతే గది సహాయకుణ్ని అడగండి.

కదలడానికి అరగంట ముందే పై డెక్ మీద చోటు చూసుకోండి. యారాడ కొండ, దాని మీది లైట్‌హౌస్, వెనక్కి జరిగే ఊరు అక్కడి నుంచి బాగా కనిపిస్తాయి. అందరూ ఫొటోలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాక కింది నడక డెక్‌కి దిగితే ఇంకో తమాషా ఉంది. రేవు దాటించడానికి ఎక్కిన పైలట్ అప్పుడు దిగిపోతాడు. ఓడ పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. చిన్న పడవ వచ్చి ఓడ పక్కకి అంటుకుని అదే వేగంతో నడుస్తుంది. పక్క తలుపు తెరిచి తాడు నిచ్చెన వేస్తారు. పైలట్ వీపు సముద్రం వైపు పెట్టి ఒక్కో మెట్టూ దిగుతాడు, పడవ కెరటం మీద పైకి లేచిన క్షణం చూసి దాని మీదకి అడుగు మారుస్తాడు. పడవ కిందికి జారుతున్నప్పుడు అడుగేస్తే పడిపోతాడు. అంతా కలిపి రెండు నిమిషాల పని.

కడుపు తిప్పితే

చెవి లోపల ఉన్న తూకం అవయవం ‘కదులుతున్నాం’ అంటుంది, గది గోడని చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఈ రెండిటి తగాదా మెదడుకి అర్థంకాక వాంతి వస్తుంది. కాబట్టి కన్నుకి కూడా కదలిక చూపించాలి. డెక్ మీద ఓడ మధ్యలో నిలబడి, ఆకాశం నీళ్లని తాకే గీతని చూస్తూ ఉండండి. గదిలో పడుకుని ఫోన్ చూడడం అన్నిటికన్నా చెడ్డది. మరీ నీరసమైతే కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకోండి, మూసిన కన్ను అబద్ధం చెప్పదు.

మాత్రలు వాంతి వచ్చాక కాదు, ముందే. మెక్లిజిన్ 25 మిల్లీగ్రాములు ఎక్కే గంట ముందు వేసుకుంటారు. సిన్నరిజిన్ అయితే రెండు గంటల ముందు. మన మందుల షాపుల్లో అవోమిన్ పేరుతో దొరికే ప్రొమెథజైన్ 25 మిల్లీగ్రాములు దూర ప్రయాణానికి ముందు రాత్రి వేసుకునేది, నిద్ర బాగా ముంచుకొస్తుంది. ఏదో ఒకటే వాడాలి, రెండు కలపకూడదు, మద్యం తాగిన రోజు అసలే వద్దు. కంట్లో ఒత్తిడి జబ్బు, ప్రోస్టేట్ ఇబ్బంది, గర్భం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. చాలామంది ఇంట్లో వాంతి అనగానే ఆండాన్‌సెట్రాన్ మాత్ర తీస్తారు. అది కీమోథెరపీ వాంతులకి, జీర్ణకోశం చెడిన వాంతులకి మంచిది గానీ ఊగుడు వాంతికి పెద్దగా పనిచేయదు, చెవి నుంచి వెళ్లే ఆ సంకేతం దారి వేరు. అప్పటికే వాంతులు పట్టుకుంటే మింగిన మాత్ర నిలవదు, ఓడ డాక్టరు దగ్గర సూది మందే గతి.

ఖాళీ కడుపుతో ఉంటే తగ్గుతుందని కొందరు తిండి మానేస్తారు. దాంతో ఇంకా ముదురుతుంది. ఉప్పు బిస్కెట్లు, కాస్త గట్టిగా ఉన్న అన్నం, అల్లం ముక్క, పుల్లటి ఆపిల్ కొంచెం కొంచెంగా తింటుంటే కడుపు కుదురుకుంటుంది. నూనె, పాలు, కాఫీ మొదటి రోజు తగ్గించండి. ఎక్కువమందికి రెండో రోజుకో మూడో రోజుకో ఒళ్లు అలవాటు పడిపోతుంది.

ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వాంతులతో ఒంట్లో నీరు పోతే క్రియాటినిన్ పెరుగుతుంది. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి వేసుకోకూడదు. ఓడ వంటల్లో, ముఖ్యంగా సూపుల్లో, ఉప్పు ఎక్కువ. ఉప్పు లేని వంట కావాలని ముందే రాయించుకోండి. మామూలు క్రూయిజ్ ఓడల్లో డయాలసిస్ ఉండదు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఈ ప్రయాణం తమ డాక్టరుతో తేల్చుకోకుండా టికెట్ కొనొద్దు. ఓడ ఆసుపత్రిలో ప్రతి దానికీ బిల్లు ఉంటుంది, సముద్రం మధ్య నుంచి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు మామూలు ఇళ్లు తట్టుకునేది కాదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆ తరలింపు, పాత జబ్బులు రెండూ అందులో ఉన్నాయో లేదో చదవండి.

తిండి, శుభ్రం

పెద్ద హాల్లో రాత్రి భోజనం ఒక్కో వంటకంగా వస్తుంది, గంటన్నర పడుతుంది. షుగరు ఉన్నవాళ్లకి ఇక్కడే చిక్కు. గదిలో ఇన్సులిన్ పొడుచుకుని వచ్చి కూర్చుంటే అసలు తిండి వచ్చేసరికి షుగరు పడిపోతుంది. భోజనానికి ముందు తీసుకునే రకం అయితే పళ్లెం బల్ల మీదకి వచ్చాక తీసుకోవచ్చా అని డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి. లేదంటే కూర్చోగానే రొట్టె తెప్పించుకోండి.

తెల్లన్నం, చప్పటి పెరుగు దాదాపు ఏ ఓడలోనైనా అడిగితే తెచ్చిపెడతారు. అన్నం బాస్మతో, బంక బియ్యమో ఉంటుంది, మన సాంబ మసూరి ఉండదు. సీలు పచ్చడి పనికొచ్చేది అక్కడే. వడ్డించే అబ్బాయికి మొదటి రాత్రే ‘కారం కావాలి’ అని చెబితే రెండో రాత్రి నుంచి పచ్చిమిర్చి ముక్కలు అడక్కుండానే వస్తాయి. భారతీయ వంటవాళ్లున్న ఓడల్లో ముందు రోజు చెబితే పప్పు చేసి పెడతారు. అదనపు డబ్బు తీసుకునే ప్రత్యేక రెస్టరెంట్లు మొదటి ప్రయాణంలో అవసరం లేదు, టికెట్‌లో ఉన్నదే తినలేనంత ఉంటుంది.

వేలమంది ఒకే గరిటె పట్టుకునే చోట విరేచనాలు, వాంతులు తెచ్చే నోరోవైరస్ తేలిగ్గా పాకుతుంది. గుమ్మం దగ్గర చల్లే శానిటైజర్ దీని మీద సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు కడగాలి, బఫేలో వడ్డించుకున్నాక తినబోయే ముందు కూడా.

మరుగుదొడ్డి గాలి లాగుడుతో పనిచేస్తుంది. మూత వేసి బటన్ నొక్కండి, చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడతారు. కాగితం తప్ప ఏం వేసినా, తడి వైప్ అయినా ప్యాడ్ అయినా, మీ గదే కాదు ఆ వరసలో గదులన్నీ మూసుకుపోతాయి. చాలా ఓడల్లో జెట్ ఉండదు, చేత్తో నొక్కే చిన్న స్ప్రే సీసా తీసుకెళ్లండి. బాత్‌రూం గుమ్మానికి బెత్తెడు ఎత్తు గడప ఉంటుంది, పెద్దవాళ్లు పడేది అక్కడే. బయటి డెక్ తలుపులు గాలికి ధనాలుమని మూసుకుంటాయి, పిల్లల వేళ్లు కీలు వైపు పెట్టనివ్వకండి.

సముద్రం మీద రోజు

రేవు లేని రోజున ఏం తోచదేమోనని భయపడి పదిరకాల కార్యక్రమాలు రాసుకునేవాళ్లుంటారు. రాత్రి గదిలో పెట్టే రేపటి కార్యక్రమాల కాగితంలో రెండు గుర్తు పెట్టుకోండి చాలు. వంటగది చూపించేది, ఓడ నడిపే అధికారులు మాట్లాడేది ఉంటే వదలొద్దు. మిగతా సమయం నడక డెక్ మీద పోనివ్వండి.

విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు దక్షిణానికి పోతుంటే, ముందుకి తిరిగి నిలబడిన మనిషికి ఎడమ చేతి వైపు సూర్యోదయం, కుడి చేతి వైపు తీరం, సూర్యాస్తమయం. తిరుగు ప్రయాణంలో తారుమారు. బాల్కనీ కొనేవాళ్లు ఈ లెక్క చూసుకునే పక్క ఎంచుకోవాలి. ఎగిరే చేపలు కనబడేది ఓడ ముక్కు చీల్చే నీళ్ల దగ్గర, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు. గాలి ఒక పక్క చెంప పగలగొడుతుంటే ఓడ దాటి రెండో పక్కకి వెళ్లండి, అక్కడ చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. నక్షత్రాల కోసం రాత్రి దీపాలు తక్కువగా ఉన్న డెక్ ఎక్కడో సిబ్బందిని అడగండి.

పేకముక్కలు పట్టుకెళ్లండి, కార్డు రూములో బల్లలు ఉంటాయి. డబ్బు పెట్టి ఆడితే ఆపేస్తారు, దానికి క్యాసినో వేరే ఉంది. ఈత కొలను పక్క కుర్చీల మీద తువ్వాలు పరిచి టిఫిన్‌కి వెళ్లిపోతే అరగంట తర్వాత సిబ్బంది తీసేస్తారు, అలా తీసేయడం న్యాయమే. డైపర్ వేసే పిల్లల్ని చాలా ఓడల్లో కొలనులోకి దిగనివ్వరు.

డబ్బు, ఫోను, రేవు

ఓడలో నోట్లు నడవవు. గది తాళం కార్డే అన్నిటికీ. దానికి క్రెడిట్ కార్డు జత చేయండి. డెబిట్ కార్డు ఇస్తే ముందుగా ఆపి ఉంచే మొత్తం మీ ఖాతాలోంచి పోయినట్టే కనిపిస్తుంది, వదలడానికి రోజులు పడుతుంది. విదేశీ ఓడల్లో రోజుకి మనిషికింత అని సేవా రుసుము దానంతటదే పడుతుంది, నలుగురున్న కుటుంబం వారం రోజులకి గుణించి చూసుకుని టికెట్ ధరలో కలుపుకోవాలి. దిగే రోజు పొద్దున రిసెప్షన్ దగ్గర క్యూ మెలికలు తిరుగుతుంది. ముందు రోజు మధ్యాహ్నమే బిల్లు చూసి, తప్పుంటే అప్పుడే అడగండి.

తీరం కనుమరుగయ్యేసరికి సిగ్నలూ పోతుంది. అప్పుడు ఫోన్ ఓడ సొంత టవర్‌ని పట్టుకుంటే రోమింగ్ బిల్లు చుక్కలు చూపిస్తుంది. ఎక్కగానే ఫ్లయిట్ మోడ్, తర్వాత కావాలంటే ఓడ వైఫై. ‘ఫోన్ రాకపోతే కంగారు పడొద్దు’ అని ఇంట్లోవాళ్లకి బయల్దేరే ముందే చెప్పండి.

రేవులో దిగినప్పుడు చేతి గడియారాన్ని ఓడ సమయంలోనే ఉంచండి. ఫోన్ ఒడ్డు సమయానికి మారిపోతుంది, గంట తేడాతో ఓడ తప్పినవాళ్లు ఇలాగే తప్పుతారు. ఓడ తరపు టూర్‌లో ఆలస్యమైతే ఓడ కాస్త ఆగుతుంది, సొంత ఆటోలో వెళ్లి ఆలస్యమైతే ఆగదు. ఆఖరి సమయానికి గంటన్నర ముందు గేటు దగ్గర ఉండేలా చూసుకోండి.

దిగే రోజు

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలకి రంగు చీటీలు కట్టి గది బయట పెట్టమంటారు. ఉత్సాహంలో అన్నీ సర్దేసి, తెల్లారి రాత్రి బట్టలతో, చెప్పుల్లేకుండా మిగిలేవాళ్లు ప్రతి ప్రయాణంలోనూ ఉంటారు. ఉదయం వేసుకునేవి, చెప్పులతో సహా, ముందు మంచం మీద పెట్టుకుని తర్వాత పెట్టె మూయండి. లాకరు తెరిచి చూడండి. పాస్‌పోర్టులు ఓడవాళ్ల దగ్గర ఉంటే తిరిగి తీసుకున్నారో లేదో చూసుకోండి.

నేల మీదకి వచ్చాక ఒకటి రెండు రోజులు కాళ్ల కింద ఊగుతున్నట్టే ఉంటుంది. స్నానం చేస్తూ కళ్లు మూసుకుంటే తూలుతారు, గోడ పట్టుకోండి. వాంతి మాత్ర మత్తు కూడా దీనికి తోడవుతుంది గనక పోర్టు నుంచి నేరుగా బండి నడుపుకుంటూ హైవే ఎక్కొద్దు. శ్రీకాకుళం బస్సో, రైలో ఎక్కండి, లేదా వేరే వాళ్లని నడపమనండి. ఆ ఊగుడు కొన్ని రోజుల్లో తగ్గకుండా నెల దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించి, ఓడ దిగినప్పటి నుంచీ ఇలా ఉందని తప్పకుండా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు కళ్లుతిరుగుడు కింద మందు రాసి పంపించేస్తారు.